రానివాడిదే కుర్చీ

పోయిన వారం మనం టైలరును ఒక చేతిలో భూతద్దంతో, ఇంకో చేతిలో ఫోటోతో, కుట్టుమిషను ముందు నోరు తెరుచుకుని ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా ఆ మనిషి నోరు అలాగే ఉంది. ఇక మూయించాలి.

ముందు సంగతి తెలియనివాళ్లకి నాలుగు మాటలు. టైలరు ఉండే ఊరి పురపాలక సంఘంలో అధ్యక్షురాలితో కలిపి ఏడుగురు సభ్యులు. ఆ ఏడుగురిలో మన టైలరొకడు. చుట్టుపక్కల పదకొండు ఊళ్లకూ కలిపి ఒక జిల్లా బోర్డు ఉంది. ప్రతి ఊరి సంఘమూ దానికి ఒక ప్రతినిధిని పంపాలి. పంపాలి సరే, వెళ్లేదెవరు? నెలనెలా మొదటి గురువారం, రానూ పోనూ ఐదు గంటల బస్సు, చెక్క కుర్చీలు, మురుగుకాలవల మీద మూడు గంటల చర్చ. అందుకని సంఘంవారు ఎక్కడా రాసుకోని పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. ప్రతినిధి నియామకం అనే అంశం వచ్చిన క్షణంలో గదిలో ఎవరు లేకపోతే వాళ్లను ఏకగ్రీవంగా నియమించి చప్పట్లు కొట్టేయడం. లేనివాడు కాదనలేడు కదా. మూడేళ్ల కిందట, బడులు తెరిచే వారంలో నూటపాతిక నిక్కర్లు మీదపడి టైలరు అరగంట ఆలస్యంగా వెళ్లాడు. తలుపు తోసేసరికి చప్పట్లు వినిపించాయి. తనను చూసి ఇంత ప్రేమగా ఎందుకు కొడుతున్నారో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

ఈ మూడేళ్లలో అతను బోర్డు మెట్లెక్కింది లేదు. ప్రతినిధికిచ్చే బస్సు పాసు మాత్రం నెలనెలా అత్తగారి చేతిలో పెట్టేవాడు. ఆవిడ చిన్నకూతురు కాపురం ఆ బోర్డు ఉన్న ఊళ్లోనే. ఆవిడకు కూతుర్ని చూసినట్టూ ఉంటుంది, పాసు మీద నెలనెలా ముద్ర పడినట్టూ ఉంటుంది. సంఘానికి మాత్రం తన చేత్తో నివేదిక రాసిచ్చేవాడు: "హాజరయ్యాను. మామూలు విషయాలు చర్చించారు." ముప్పై ఆరు నెలలకు ముప్పై ఆరు నివేదికలు, అన్నిటిలోనూ అవే రెండు వాక్యాలు. చేతిరాత మాత్రం మెరుగుపడింది.

ఇవాళ పొద్దున "ప్రతినిధి గారికి" అన్న కవరొకటి వచ్చింది. ఈ ఊరి ప్రతినిధిని బోర్డు ఉపాధ్యక్ష పదవికి ఏకగ్రీవంగా ఎన్నుకున్నారట. మూడేళ్ల గడువు ముగుస్తోంది కాబట్టి ఈ సాయంత్రం ఐదింటిలోగా కొత్త నియామకం తెలియజేయాలట. ఉత్తరంతోపాటు బోర్డు సభ్యుల ఫోటో ఒకటి. ముందు వరసలో, సరిగ్గా మధ్యన, ఒళ్లో చొక్కా, వేళ్ల మధ్య సూదితో కూర్చున్న మనిషి మరెవరో కాదు, అత్తగారు.

టైలరు ఉత్తరాన్ని సంఘం గుమాస్తాకు పంపేసి ఫోటోను మాత్రం జేబులో దాచుకున్నాడు. గుమాస్తా నాలుగింటికే సంఘం మీటింగు పెట్టి, ప్రతినిధి నియామకాన్ని ఐదో అంశంగా వేసి కబురు పంపాడు. రెండున్నరకు అత్తగారు భోజనం ముగించుకుని కొట్లోకి వచ్చి, తన మూలలో కూర్చుని, ఫోను పక్కన పెట్టుకుని కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. చిన్నకూతురికి నెలలు నిండాయి. కబురు ఎప్పుడొస్తుందో తెలియదని నాలుగు రోజులుగా ఆ ఫోనును పక్కనే పెట్టుకుని తిరుగుతోంది.

టైలరు ఫోటో తీసి ఆవిడ కుడుతున్న చొక్కా మీద పెట్టాడు.

అత్తగారు కళ్లజోడు సవరించుకుని చూసింది. "బాగానే పడ్డాను. ఆ వెనకాయన కళ్లు మూసుకున్నాడు, పాపం. ఇంకోటి తియ్యమంటే తియ్యలేదు."

"అత్తయ్యగారూ, మీరు అక్కడేం చేస్తున్నారు?"

"కాజాలు కుడుతున్నాను. కనపడటం లేదా?"

"నా కుర్చీలో."

"నీ కుర్చీ అని నీకెప్పుడు తెలిసింది బాబూ? చూడను కూడా చూడలేదు గదా."

 టైలరు కత్తెర తీసుకుని, కత్తిరించడానికేమీ లేక మళ్లీ పెట్టేశాడు. అత్తగారు దారం కొరికి, తాపీగా చెప్పడం మొదలుపెట్టింది.

"మొదటిసారి వెళ్లినప్పుడు చిన్నదాని ఇంటికి తాళం. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనికి పోతే నాలుగింటిదాకా రారు. ఈలోపు పాసు మీద ముద్ర వేయించుకుందామని ఆ ఆఫీసుకి పోయాను. బంట్రోతు ఊరి పేరడిగాడు, చెప్పాను. హాజరు పుస్తకంలో సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. కుర్చీ చూపించాడు, ఫ్యాను కింద. బల్లమీద ఊరి పేరు రాసిన పలక తప్ప మనిషి పేరు లేదు. ఎండలో రోడ్డుమీద నిలబడమంటావా, ఫ్యాను కింద కూర్చోమంటావా?"

"కూర్చుంటే కూర్చున్నారు. మాట్లాడటమెందుకు?"

"ఆరు నెలలు మాట్లాడలేదే. కాజాలు కుట్టుకున్నాను. ఏడో నెల్లో పక్క ఊరాయన లేచి కొత్త మురుగుకాలవ దండగ అన్నాడు. రెండో నెల్లో అది కావాలని బల్ల గుద్దింది ఆయనే. ఆ మాటే అన్నాను. అందరూ నావైపు తిరిగారు. అక్కడ పోయిన నెల ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు బాబూ. కుట్టుకునే మనిషికి చేతులకే పని, చెవులు ఖాళీ. అప్పట్నించీ ఏదన్నా గొడవొస్తే అమ్మగార్ని అడగండి అంటారు."

"ఓట్లు కూడా వేశారా?"

"చెయ్యెత్తమంటే ఎత్తాను."

"ఏ హక్కుతో ఎత్తారండీ మీరు?"

అత్తగారు సూది గుచ్చడం ఆపింది. "అల్లుడుగారూ," అంది.

ఇక్కడ పాఠకులకు ఒక మాట. అత్తగారు "బాబూ" అన్నంతవరకు ఇంట్లో అంతా క్షేమం. "అల్లుడుగారూ" అన్నదంటే కిటికీలు మూసుకోవడం మంచిది. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆవిడ ఆ పిలుపు నాలుగుసార్లు పిలిచింది. నాలుగుసార్లూ చివరికి సారీ చెప్పింది టైలరే.

"నేను ఏ హక్కుతో ఎత్తానో తర్వాత చెప్తాను. మీరు ఏ హక్కుతో ఎత్తలేదో ముందు చెప్పండి."

టైలరు మెడలో టేపు సర్దుకున్నాడు. 

"వచ్చే గురువారం మంచినీళ్ల పైపు సంగతి తేలుస్తారు," అంది అత్తగారు, గొంతు తగ్గించి. "కొత్త చెరువు నుంచి పైపు మన ఊరిమీదుగా రావాలా, కింద ఊరిమీదుగా పోవాలా అని. పదకొండు ఓట్లలో ఆరు కావాలి. మనతో కలిపి ఆరు చేశాను. ఆరో ఆయన పోయిన నెలే ఒప్పుకున్నాడు. ఆయన కోటు మూడో గుండీ రెండేళ్లుగా వేలాడుతోంది, చెప్పే దిక్కు లేదు. మీటింగు మధ్యలో పక్కన కూర్చుని కుట్టిపెట్టాను. సూది చేతిలో ఉండగా మనిషి కదలటానికి లేదు గదా. పైపు సంగతి మొదట్నించీ చివరిదాకా చెప్పాను."

టైలరు లేచి గుండీల డబ్బా మూత తీసి చూశాడు. ఏడాదిగా పెద్ద గుండీలు ఎందుకు తగ్గిపోతున్నాయో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఎలుకలను అనుమానించాడు.

తన పథకం వేరే ఉంది. నాలుగింటికి మీటింగుకు వెళ్లి, ఏది ఏమైనా కుర్చీలోంచి కదలకుండా కూర్చుంటే, ఇంకెవడో బయటికి పోతాడు, ఆ కుర్చీ వాడి నెత్తినపడుతుంది, తన మూడేళ్ల బండారం అంతటితో పూడిపోతుంది. అదే చెప్పాడు.

 అత్తగారు గడ్డంతో బయటికి చూపించింది. కొట్టుపక్కన ఇంటి మెట్ల మీద అతని భార్య రెండు బిందెలతో ఎక్కుతోంది. ఆ ఊళ్లో నీళ్ల బండి మూడు రోజులకోసారి వస్తుంది, ఇవాళ వచ్చిన రోజు. ఇరవై రెండు మెట్లు. పన్నెండో మెట్టు దగ్గర ఆగి, నడుంమీద చెయ్యి వేసుకుని, మళ్లీ ఎక్కింది. ఆమె ప్రతిసారీ అక్కడే ఆగుతుందన్న సంగతి టైలరుకు అప్పటిదాకా తెలియదు. చాలా సిగ్గేసింది.

"వేరేవాడు వెళ్తే గురువారం నన్ను గుమ్మంలోనే ఆపేస్తారు," అంది అత్తగారు. "కొత్తవాడి ముఖం చూసి ఆ ఐదుగురూ ఎందుకు చెయ్యెత్తుతారు? ఈసారికి కుర్చీ నీ పేరునే ఉండాలి. ఐదో అంశం అనగానే లేచి బయటికి పో. మిగతాది నేను చూసుకుంటాను."

నాలుగింటికి సంఘం హాలులో ఏడుగురూ హాజరయ్యారు. అదే మొదటి అపశకునం. మామూలుగా నియామకం రోజున ఎవరో ఒకరికి జ్వరం వస్తుంది కాబట్టి మిగిలినవాళ్లు జాగ్రత్తగా వస్తారు. ఇవాళ ఎవరికీ జ్వరం లేదు, అందరూ తల దువ్వుకుని మరీ వచ్చారు. వెనక జనం కోసం వేసిన బెంచీమీద అత్తగారొక్కతే, ఒళ్లో సంచితో.

అధ్యక్షురాలు ఒకప్పుడు హెడ్‌మిస్ట్రెస్. ఉత్తరం పైకి చదివి, కళ్లజోడు పైనుంచి టైలరును చూసింది. "మూడేళ్లపాటు మామూలు విషయాలు చర్చించారని రాస్తూ ఇంత పని చేశారా? గొప్పవాళ్లు చెప్పుకోరు."

అందరూ చప్పట్లు కొట్టారు. 

"ఉపాధ్యక్షుడికి కారు ఇస్తారటగా," అన్నాడు మందుల షాపాయన, ఎటో చూస్తూ. సంఘంలో నిజంగా తెలివైనవాడు తనొక్కడేనని ఆయన గట్టి నమ్మకం. ప్రశ్న ఎటు చూసి అడిగినా, హాల్లో ఆరు తలలూ ఆయనవైపు తిరిగాయి. కారన్న మాట అలాంటిది.

మొదటి అంశం వీధిదీపాలు, రెండోది మార్కెట్ తాళం. మూడోది, నాలుగోది వీధికుక్కలు. ఎవరూ వినడం లేదు. అందరి కాళ్లూ బల్లకింద తలుపువైపు తిరిగి ఉన్నాయి.

"ఐదో అంశం," అంటూ అధ్యక్షురాలు కాగితం తిప్పింది.

టైలరు కడుపు పట్టుకుని పక్క తలుపులోంచి వరండాలోకి జారుకున్నాడు. హమ్మయ్య అనుకుని గోడకు ఆనుకోబోతుంటే, అక్కడ మందుల షాపాయన నిలబడి ఉన్నాడు.

"గాలికోసం వచ్చాను," అన్నాడాయన.

"నేనూ అంతే."

తలుపు మళ్లీ తెరుచుకుంది. సైకిలు షాపాయన ఫోను చెవికి ఆనించుకుని వచ్చాడు. "ఆఁ ఆఁ చెప్పు," అంటున్నాడు కానీ ఫోను తలకిందులుగా ఉంది. అతని వెనకే లాయరు. లాయరు వెనకే రొట్టెల దుకాణం నడిపే ఆవిడ, రిటైరైన బస్సు డ్రైవరు ఇద్దరూ ఒకేసారి ఒకే తలుపులో ఇరుక్కుని, ముందు మీరంటే ముందు మీరనుకుని, కలిసే బయటపడ్డారు.

ఆరుగురూ వరండాలో వరసగా నిలబడ్డారు. మూడేళ్ల కిందటిదాకా ఈ అంశం రాగానే కుర్చీలు పట్టుకుని వేలాడిన మనుషులే వీళ్లంతా.

"మీరు లోపలికి పదండి, నేనొక్క నిమిషంలో వస్తా," అన్నాడు లాయరు.

"పెద్దవారు, మీరే ముందు పదండి," అన్నాడు సైకిలు షాపాయన.

"నాకు కాలు పట్టేసింది," అన్నాడు డ్రైవరు.

గుమ్మంలోకి అధ్యక్షురాలు వచ్చి నిలబడింది. క్లాసు ఎగ్గొట్టిన పిల్లలను చూసే చూపు. "లోపల సభ్యుల్లో నేను తప్ప ఎవరూ లేరు. మన పద్ధతి ప్రకారం ఆరుగుర్నీ నియమించాలి. కుర్చీ ఒకటే. పైగా కోరం లేదు కాబట్టి ఒక్కర్ని కూడా నియమించడానికి లేదు. టైము నాలుగూ నలభై. ఐదు దాటితే మన ఊరికి ఆ కుర్చీయే ఉండదు. ఎవరు ముందొస్తారో రండి."

ఎవరూ కదల్లేదు. ముందు వెళ్లినవాడు ఓడిపోయినట్టే కదా.

టైలరు వాళ్లందరినీ చూశాడు. ఇంకో ఇరవై నిమిషాలు ఇలాగే నిలబడితే పైపు కింద ఊరికి పోతుంది. పన్నెండో మెట్టు గుర్తొచ్చింది. అతను పెద్ద ధైర్యవంతుడు కాడు. జీవితంలో గట్టిగా మాట్లాడింది బట్టల కొట్టువాళ్లతో మాత్రమే. అయినా వరండాలోంచి లోపలికి నడిచి, బల్ల దగ్గర నిలబడి, జేబులోంచి ఫోటో తీసి పెట్టాడు.

"నేను బోర్డుకి ఒక్కసారి కూడా వెళ్లలేదండీ. మూడేళ్లూ అబద్ధాలు రాశాను. వెళ్లింది, మాట్లాడింది, ఓటేసింది మా అత్తగారు. ఉపాధ్యక్షురాలు కూడా ఆవిడే."

వరండాలోని ఐదుగురూ ఒక్క ఉదుటున లోపలికొచ్చేశారు. ఇంత మంచి సంగతి బయట నిలబడి వినేవాళ్లు ఏ ఊళ్లోనూ ఉండరు. ఫోటో చేతులు మారింది. గుండీ సంగతి, పైపు సంగతి, ఆరు ఓట్ల సంగతి అన్నీ బయటికొచ్చాయి. రొట్టెల దుకాణం ఆవిడ నవ్వు ఆపుకోలేక బల్లమీద తల పెట్టుకుంది. టైలరు చెవులు ఎర్రబడ్డాయి కానీ, ఛాతీమీంచి ఇస్త్రీపెట్టె దించినట్టనిపించింది.

"సరే," అంది అధ్యక్షురాలు చివరికి. "ఇప్పుడు కోరం ఉంది. ఐదో అంశం. పద్ధతి ప్రకారం అడుగుతున్నాను, గదిలో లేనిదెవరు?"

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏడుగురూ ఉన్నారు. అప్పుడు గుమాస్తా కలం ఎత్తి వెనక్కి చూపించాడు. బెంచీ ఖాళీగా ఉంది. అత్తగారు ఎప్పుడు లేచిందో ఏమో, వరండాలో స్తంభానికి ఆనుకుని కాజా కుట్టుకుంటోంది.

అందరి మెడలూ వరండావైపు తిరిగాయి.

"ఆవిడ సభ్యురాలు కాదు," అన్నాడు మందుల షాపాయన, తేరుకుని.

గుమాస్తా బోర్డు నియమాల పుస్తకం తిరగేశాడు. "సంఘం నియమించే వ్యక్తి అనే ఉందండీ. సభ్యుడే కావాలని లేదు. పాత ఓట్ల సంగతంటారా, అది బోర్డువాళ్ల తలనొప్పి. ఆవిణ్ణి ఎన్నుకుంది వాళ్లేగా."

"అయితే చేతులెత్తండి," అంది అధ్యక్షురాలు, తన చెయ్యెత్తుతూ. రొట్టెల దుకాణం ఆవిడ ఎత్తింది, డ్రైవరు ఎత్తాడు. మందుల షాపాయన, లాయరు, సైకిలు షాపాయన చేతులు కట్టుకున్నారు. మూడుకు మూడు. మిగిలింది టైలరు.

మందుల షాపాయన అతని చెవి దగ్గరికి వంగాడు. "గుమాస్తా ఇంకా ఏమీ రాయలేదు. చెయ్యెత్తకుండా కూర్చో. కుర్చీ నాకు వదిలెయ్. నువ్వన్న మాటలు మినిట్సులో లేకుండా నేను చూసుకుంటా. లేకపోతే రేపు పొద్దున ఊరు ఊరంతా నీ కొట్టు ముందే నవ్వుతుంది."

నిజమే, నవ్వుతుంది. టైలరు ఒక్క క్షణం ఆలోచించాడు. మూడేళ్లుగా ఆలోచించకుండా ఎత్తిన చెయ్యి అది, ఇవాళే బరువుగా ఉంది. మెడలో టేపు జారి కిందపడింది. చెయ్యి మాత్రం పైకి లేచింది.

"అన్నీ రాసుకోండి గుమాస్తాగారూ," అన్నాడు. "ముప్పై ఆరు నివేదికలూ అబద్ధాలని కూడా రాయండి."

"నాలుగుకు మూడు," అన్నాడు గుమాస్తా. అధ్యక్షురాలు చప్పట్లు కొట్టింది. ఈసారి ఎందుకో అందరికంటే గట్టిగా టైలరే కొట్టాడు. టైము నాలుగూ యాభై రెండు.

"ప్రతినిధి రాలేనప్పుడు బదులు కూర్చునే మనిషి పేరు కూడా రాయాలండీ," అన్నాడు గుమాస్తా. "పోయినసారి ఖాళీ వదిలేశాం. ఈసారి నింపకపోతే కాగితం చెల్లదట."

అప్పుడే వరండాలో ఫోను మోగింది. అత్తగారు "ఊఁ, ఊఁ" అని రెండు మాటలు విని, పెట్టేసి, గుమ్మంలోకి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది, కళ్లలో కొంచెం నీళ్లు కూడా ఉన్నాయి.

"చిన్నదానికి గురువారం పొద్దున్నే ఆపరేషను పెట్టారట డాక్టర్లు. మూడేళ్లపాటు దాని ఇంటికి నాలుగింటికి పోయి నాలుగున్నరకి బస్సెక్కాను. ఈ ఒక్కరోజూ దాని పక్కన లేకపోతే నేను తల్లిని కాను."

 పైపు ఓటు గురువారమే.

అత్తగారు నేరుగా టైలరు దగ్గరికి వచ్చి, సంచిలోంచి సూదీ, దారం, గుండీల పొట్లం తీసి అతని చేతుల్లో పెట్టింది. గుమాస్తా కలం ఖాళీగీత మీద ఆగి ఉంది.

"రాసుకోండి," అందావిడ గుమాస్తాతో. తర్వాత అల్లుడివైపు తిరిగింది. "ఐదుగురిలో ఎవరిది ఏ గుండీయో దారిలో చెప్తాను. ఒకాయన మాత్రం నా చేతి కుట్టయితే తప్ప నమ్మడు. బస్సు బుధవారం సాయంత్రం ఐదున్నరకి, అల్లుడుగారూ."